కిటికీకి తెల్ల తువ్వాలు

పెద్రా మన్సా, ఏప్రిల్ 22

అక్కా, దీవించు.

ఈ ఉత్తరం బస్సెక్కి, పడవెక్కి నీ దాకా వచ్చేసరికి మేం ఇంకో మూడు మ్యాచ్‌లు ఆడేసి ఉంటాం. అందుకని ఇవాళ్టి గొప్ప ఇవాళే చెప్పుకోనీ. రెండో డివిజన్‌లో ఇరవై నాలుగు జట్లుంటే, ఈ పూటకి మన నేతగాళ్లది నాలుగో స్థానం! మిల్లు మూతబడి తొమ్మిదేళ్లయినా జట్టుకి ఆ పేరు పోలేదు. సైరనూ పోలేదు. మనం గోలు కొడితే వాచ్‌మన్ ఇప్పటికీ దాన్ని మోగిస్తాడు. ఊళ్లో కుక్కలన్నీ కూడా మనవైపే అరుస్తాయి.

నీ కొడుకు వాల్దేసిర్‌ని మళ్లీ కెప్టెన్ని చేశారు. ముప్ఫై ఒకటొచ్చినా గోల్ కీపర్‌గా వాడికి ఎదురు లేదు. ఊరంతా వాణ్ణి ‘తలుపు’ అంటారు. "తలుపు మూస్తే ఈగ కూడా దూరదు" అని మంగలి జాసీర్ కొట్టు ముందు బోర్డు కూడా పెట్టాడు. పిల్లలు వాడి చేతులు కొలుచుకుని పోతుంటారు.

కొత్త కోచ్ బెరాల్దో మంచివాడే కానీ నోరు మంచిది కాదు. రిఫరీతో గొడవ పెట్టుకుని మొదటి మ్యాచ్‌లోనే బయటికి పోయాడు. కోచ్ లేనప్పుడు బెంచీ మీద పెద్దవాణ్ణి నేనే కదా! మాలీషు చేసేవాడికి అంత పెత్తనమా అని నవ్వకు. నా భుజం మీది తువ్వాలు చూసుకుంటే గానీ నీ కొడుకు స్థిమితంగా నిలబడడు. కుడి భుజం మీద ఉంటే ‘జాగ్రత్త’, ఎడమ భుజం మీదికి మార్చానంటే ‘ఇక భయం లేదు, తొందరపడకు’. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప పురుగుకి కూడా తెలీదు.

జేబులో నా రేడియో మాత్రం ఈ మధ్య గొణుగుతోంది. బ్యాటరీలు మార్చినా అంతే. ఇప్పటి వ్యాఖ్యాతలు పళ్లు బిగించి మాట్లాడతారనుకుంటా.

నీ తమ్ముడు
ఒదిలోన్


విలా దో తంబాకీ, మే 19

ఒరే ఒదిలోన్, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నాలుగో స్థానం సంగతి చదివి సంతోషపడ్డాను. ఈలోగా పదకొండుకి దిగారట, పడవవాడు బెనేజియో చెప్పాడు. నువ్వు గొప్పలు చెప్పుకునే లోపల నది కూడా దిశ మార్చుకునేట్టుంది.

నీ మీద నాకొక కోపం ఉంది, కక్కేస్తాను. ఈస్టర్‌కి రేవు పట్నం దాకా పోయి, రెండు గంటలు వరసలో నిలబడి నీకు ఫోన్ చేశానా? "వాడు ఎప్పుడైనా నా గురించి అడుగుతాడా?" అన్నాను. "అవునక్కా, బాగా వానలు" అన్నావు. మళ్లీ గట్టిగా అడిగాను. "తోటలో అరటి కూడా పడిపోయింది" అన్నావు. నా వెనకాల నిలబడ్డవాళ్లు నవ్వారు. ఇష్టంలేని మాట వచ్చినప్పుడల్లా నువ్వు వాన అడ్డం పెట్టుకుంటావని నాకు తెలుసులే. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

వాడు నా గురించి అడగడు, అంతేగా? అడగడానికి నేనేం చేశానని? తొమ్మిదేళ్లవాడు మిల్లు మైదానంలో గోలు స్తంభాన్ని కావలించుకుని "నేను రాను" అంటే, "నెలలో వచ్చి తీసుకుపోతా" అని చెప్పి, కొత్త మొగుడి వెంట ఇంత దూరం వచ్చేశాను. ఆ నెల ఇరవై రెండేళ్లయింది. ఆ మొగుడూ పోయాడు. ఇప్పుడు బడి పిల్లలకి చేపల పులుసు వండి పెడుతున్నాను. ఎవరి పిల్లలకో.

ఆ తువ్వాలు ఇంకా ఊపుతున్నావా! అది నా దగ్గర నేర్చిందేరా. వాడి నాన్న తాగి వచ్చి గిన్నెలు విసిరే రోజున మా కిటికీకి ఏమీ ఉండేది కాదు. ఆయన నిద్రపోయాక తెల్ల తువ్వాలు వేలాడదీసేదాన్ని. వాడు మైదానంలోంచి అది చూసుకుని ఇంటికొచ్చేవాడు. తువ్వాలు లేకపోతే చీకటిపడినా అక్కడే బంతి తన్నుకుంటూ ఉండేవాడు. ఒక్కసారి కూడా నేను తప్పు తువ్వాలు కట్టలేదు. తల్లిగా వాడికి నేను సరిగ్గా చేసింది అదొక్కటే.

వాడి మోకాలు ఎలా ఉంది? అది రాయి. వాన గురించి కాదు.

అక్క
ఇరాసీ


పెద్రా మన్సా, జులై 14

అక్కా, దీవించు.

శంఖం మాటకి నాకేం కోపం రాలేదు. మా ఫోన్ లైనే అలాంటిది.

మోకాలు బాగానే ఉంది. బాగా లేనిది జట్టు. వరసగా ఐదు ఓడాం. అడుగున ఉన్న ఆరు జట్లూ వచ్చే ఏడు మూడో డివిజన్‌కి పోతాయి. మేం ఆ గీతకి సరిగ్గా పైన, గోడ మీద పిల్లిలా ఉన్నాం. కిందికి పోతే క్లబ్బు మూసేస్తామని అధ్యక్షుడు అంటున్నాడు. మిల్లు పోయాక ఈ ఊరికి మిగిలింది ఇదొక్కటే అక్కా. ఆదివారం పూట జనం చొక్కా ఇస్త్రీ చేసుకునేది దీని కోసమే. గోలు స్తంభాల దగ్గర రాళ్ల ఉప్పు చల్లాం, ఫాదర్ చేత దీవెన చేయించాం, జాసీర్ అయితే మీసం తీసేశాడు. మీసం లేకుండా వాణ్ణి చూస్తే ఓడిపోవాలనిపిస్తోంది.

వాడి గురించి ఇంకో తమాషా విను. ఈ ఏడు మా డివిజన్‌లో యునియావ్ పేరుతో రెండు జట్లున్నాయి. ఒకటి రేవు యునియావ్, మాతోపాటు గీత మీద వేలాడుతోంది. రెండోది కొండ యునియావ్, దానితో మాకు పనే లేదు. మొన్న రేడియోలో గంట కొట్టి "యునియావ్ మీద గోలు!" అనగానే జాసీర్ కొట్లో ఉన్నవాళ్లందరికీ బీరు పోయించాడు. తీరా చూస్తే గోలు పడింది కొండ యునియావ్ మీద! వాడి పెళ్లాం వారం రోజులుగా వాడికి కాఫీ ఇవ్వడం లేదట.

నీ కొడుక్కి కొత్త అలవాటొకటి వచ్చింది. నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెబుతాడు. "ఏరా, నేనేమైనా వెర్రివాణ్ణా?" అన్నాను. "లేదు మామయ్యా, నీ మొహం చూస్తూ మాట్లాడటం నాకిష్టం" అన్నాడు. కెప్టెన్ అయ్యాక మర్యాద నేర్చుకున్నాడు.

చివరి మాట. చెప్పొచ్చో లేదో తెలీక ఇందాకటి నుంచీ ఊరి కబుర్లు చెబుతున్నాను. సీజన్ అయ్యాక నీ దగ్గరికి వస్తానంటున్నాడు. టికెట్ కూడా కొన్నాడు. "అమ్మ రమ్మంటుందా మామయ్యా?" అని అడిగాడు. నా చేత్తో పెంచినవాణ్ణి పంపడానికి నాకు మనసు ఎంత పీకుతోందో నీకు చెప్పలేను. కానీ నువ్వు అవునని రాయి.

ఒదిలోన్


విలా దో తంబాకీ, ఆగస్టు 8

తమ్ముడూ, దేవుడు నిన్నూ వాణ్ణీ చల్లగా చూడాలి. వెయ్యిసార్లు చల్లగా చూడాలి.

నీ ఉత్తరం పట్టుకుని రేవు మెట్ల మీదే కూలబడ్డాను. బెనేజియో నేను జారిపడ్డాననుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఇక్కడ పెద్దవాళ్లూ ఊయల్లోనే పడుకుంటారు, వాడి ఊయలకి ఎంత గుడ్డ కావాలో రాయి. గోడకి బొగ్గుతో గీత గీసి, వాడి ఎత్తు మీటరూ తొంభై అంటే ఎంతో చూసుకున్నాను. నా తల వాడి ఛాతీ దగ్గరికి వస్తుంది. నేను వదిలి వచ్చినప్పుడు వాడి తల నా ఛాతీ దగ్గర ఉండేది. ఏం తింటాడు ఇప్పుడు? ఇక్కడ అసాయి పండ్ల గుజ్జులో పిండి కలుపుకుని తింటాం, చక్కెర వేయం. వాడికి నచ్చకపోతే చక్కెర తెప్పిస్తా. కంచంలో బీన్స్ కింద, అన్నం పైన వేసుకునేవాడు. ఇప్పటికీ అంతేనా? ఇవన్నీ నిన్ను అడగాల్సి రావడం సిగ్గుగా ఉంది.

బుధవారం పడవ ఎగువకి పోతుంది, శనివారం దిగువకి వస్తుంది. మలుపు తిరగగానే ముందు కనపడేది నా ఇల్లే. నది వైపు కిటికీ ఉంది. వాడితో చెప్పు: తువ్వాలు కడతాను. చూసుకుని దిగమను.

గెలిచి రానక్కరలేదు. మీ మూడో డివిజన్లూ నాలుగో డివిజన్లూ నాకు తెలియవు. వస్తే చాలు.

ఇరాసీ


పెద్రా మన్సా, సెప్టెంబరు 20

అక్కా, దీవించు.

కిందికి పోయాం.

ఆఖరి మ్యాచ్ మా ఊళ్లోనే. ఒకటి–ఒకటి డ్రా. రేవు యునియావ్ వాళ్ల మ్యాచ్ గెలిచింది కాబట్టి మేం కూడా గెలిచి తీరాల్సింది. వాల్దేసిర్ ఆఖరి పది నిమిషాలు బంతి పట్టుకుని ఆలస్యం చేశాడు. డ్రా చాలనుకున్నాడట. లెక్క తప్పానని విలేకరులతో చెప్పాడు. జనం కోపంగా ఉన్నారు. రెండు రోజుల్లో చల్లారుతారు.

ఇక్కడ బాగా వానలు. చెయ్యి నొప్పిగా ఉంది, ఎక్కువ రాయలేను.

ఒదిలోన్


విలా దో తంబాకీ, అక్టోబరు 9

ఒదిలోన్‌కి,

రెండు రోజుల్లో చల్లారుతారన్నావు. ఇక్కడ, ఈ అడవిలో, పడవ రేడియోలో విన్నాను. నేతగాళ్ల కెప్టెన్ మ్యాచ్ అమ్ముకున్నాడని ఊరంతా అంటోందట. వాళ్లింటి గోడ మీద ‘తలుపు అమ్మబడింది’ అని రాశారట. పడవలో ఉన్నవాళ్లు నవ్వుతుంటే, ఆ కెప్టెన్ నా కొడుకని చెప్పలేక చేపల బుట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. అంతకుముందు వారం వాళ్లందరికీ నేనే చెప్పుకున్నాను, నా కొడుకు వస్తున్నాడని.

నువ్వు రాసిన ఉత్తరం పదిసార్లు చదివాను. నువ్వేదో దాస్తున్నావు. వాన గురించి రాశావు. నువ్వు వాన మాటెత్తావంటే వెనకాల చెప్పలేనిది ఉన్నట్టే. వాడు అమ్ముకున్నాడు, నువ్వు కాపాడుతున్నావు. లెక్క తప్పడమేమిట్రా? వాడు చిన్నప్పుడు మిల్లు సైరన్ ఎన్ని సెకన్లు మోగుతుందో కూడా లెక్కపెట్టేవాడు.

వాడి నాన్న నా కుట్టుమిషను అమ్మాడు. నా పెళ్లి ఉంగరం అమ్మాడు. వాడి బడి బూట్లు అమ్మాడు. ఆ రక్తం ఎక్కడికి పోతుంది?

ఇందులో వాడికి వేరే ఉత్తరం అంటించి పెట్టాను. తెరవకుండా వాడి చేతికియ్యి. అమ్ముకున్న మొహంతో నా గుమ్మం తొక్కొద్దని రాశాను. నేను రాసింది తప్పయితే, నువ్వు వాడి చేతికి ఇచ్చే ముందు నాకు చెప్పు. ఇచ్చేశావంటే నిజమేననుకుంటాను.

ఇరాసీ


పెద్రా మన్సా, నవంబరు 3

అక్కా,

దీవించమని అడిగే అర్హత నాకు లేదు.

నీ ఉత్తరం వాడి చేతికిచ్చాను. తెరవలేదు. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇవ్వకపోతే నిజం చెప్పాల్సి వచ్చేది, అందుకని ఇచ్చాను. ఇంత నీచం ఈ వయసులో చేస్తాననుకోలేదు.

విను. ఎనభయ్యో నిమిషం. బెరాల్దోని రిఫరీ అప్పటికే బయటికి పంపేశాడు. బెంచీ మీద నేనూ, నా చెవికి రేడియో. రేవు యునియావ్ ఒక గోలు ముందుంది. మేం గెలవాలి. అప్పుడు రేడియోలో గంట మోగింది. గంట వినపడింది అక్కా. "యునియావ్" అన్నది వినపడింది. "సమం" అన్నది వినపడింది. మధ్యలో ఏ యునియావో అది వినపడలేదు. రేవు యునియావ్ మీద గోలు పడిందనుకున్నాను. డ్రా చాలనుకున్నాను. పక్కవాణ్ణి అడగొచ్చు. అడిగితే ముసలాడికి చెవులు పోయాయంటారు, ఇంటికి పంపేస్తారు. అడగలేదు. తువ్వాలు ఎడమ భుజం మీదికి మార్చాను.

వాడు చూశాడు. వాడి భుజాలు దిగాయి, బెంచీ దగ్గర్నుంచే కనపడింది. బంతి పట్టుకున్నాడు, బూటు తాడు కట్టుకున్నాడు, కిక్ కొట్టడానికి తీరిగ్గా నడిచాడు. కుర్రాళ్లు ముందుకి పోతుంటే వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు. జనం ఈలలేస్తున్నారు, తిడుతున్నారు. వాళ్ల చెవుల దగ్గరా రేడియోలున్నాయి. వాడొక్కసారి కూడా జనం వైపు తిరగలేదు. నన్ను చూస్తూనే ఉన్నాడు. నేను నవ్వుతున్నాను అక్కా. నవ్వుతూ తల ఊపుతున్నాను.

అది కొండ యునియావ్. మంగలి జాసీర్‌ని చూసి నవ్విన ఆ తప్పే నేను చేశాను.

బట్టలు మార్చుకునే గదిలో వాడు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "మామయ్యా, నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. లెక్క నేను తప్పాను. తెలిసిందా?" అన్నాడు, నెమ్మదిగా, నా మొహం చూస్తూ. అప్పుడర్థమైంది, వాడికి నా చెవుల సంగతి ఎప్పటి నుంచో తెలుసని. "తెలిసి కూడా నా తువ్వాలు ఎందుకు నమ్మావురా?" అన్నాను. "తువ్వాలు కదా" అన్నాడు. అంతే అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. గోడ మీద రాతలు రాశారు, మూసుకున్నాను. వాడి వాకిట్లో కుక్కకి విషం పెట్టారు, మూసుకున్నాను. నీ ఉత్తరం వాడు నిలబడే చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని "అమ్మ చేతిరాత ఏం మారలేదు" అన్నాడు. పోయిన మంగళవారం తెల్లారేసరికి గది ఖాళీ. చేతి తొడుగులు నా మంచం మీద పెట్టి వెళ్లాడు. నీ దగ్గరికే బయల్దేరి ఉంటాడు, ఆ టికెట్ తీసుకుపోయాడు.

ఆ రోజే రేడియో స్టేషన్‌కి పోయి మైకు ముందు అంతా చెప్పాను. చెవి డాక్టరు దగ్గరికి పోయి కాగితం కూడా తెచ్చాను: కుడి చెవి పూర్తిగా, ఎడమది సగం. ఎవరూ నమ్మలేదు. "మేనల్లుడి కోసం ముసలాడు చెవిటివాడు కూడా అయ్యాడు" అని నవ్వారు. జాసీర్ నా భుజం తట్టి, "మంచి మనసురా నీది ఒదిలోన్, కానీ పోనీలే" అన్నాడు. నిజం చెబితే మంచివాణ్ణన్నారు. అంతకంటే పెద్ద శిక్ష లేదు.

నువ్వైనా నమ్ము. వాడు రాగానే లోపలికి పిలు. నన్ను తిట్టు, వాణ్ణి మాత్రం పిలు.

ఒదిలోన్


విలా దో తంబాకీ, నవంబరు 20

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న బుధవారం పడవలో వచ్చింది. రేవు మెట్ల మీదే చదివి బెనేజియోని అడిగాను, పొడుగాటి మనిషి, పెద్ద చేతులవాడు, ఎప్పుడైనా నీ పడవ ఎక్కాడా అని.

ఎక్కాడట. రెండు వారాల కిందట.

మలుపు దగ్గర లేచి నిలబడ్డాడట. "ఇరాసీ గారి ఇల్లు అదేనా?" అని అడిగితే బెనేజియో అదేనన్నాడట. పడవ రేవులో ఆగింది. సరుకు దింపారు, రెండు మేకల్ని ఎక్కించారు. వాడు సంచి భుజాన వేసుకుని, కడ్డీ పట్టుకుని, నా కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాడట. "దిగరా అయ్యా?" అని బెనేజియో అడిగితే, "లేదు, ఇంకా పైకి పోవాలి" అన్నాడట. సంచి దింపుకుని మళ్లీ కూర్చున్నాడు. నేనప్పుడు లోపల బడి పిల్లలకి చేపలు తోముతున్నాను. పడవ ఈల కూడా విన్నాను.

రావద్దని రాశాను కదా. అయినా వచ్చాడు. నా ఉత్తరం చదివి కూడా, కిటికీ మీద నమ్మకం పెట్టుకుని ఐదు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. కిటికీకి ఏమీ లేదు. ఏమీ లేకపోతే ఇంటికి రావద్దని వాడికి నేర్పింది నేనే.

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. కానీ ఏ మొహంతో తిట్టను? నీకు వినపడలేదు, తప్పు చేశావు. నాకు చెవులు బాగానే ఉన్నాయి. పడవలో ఎవడో అన్నమాట విని, నా బిడ్డ ఎలాంటివాడో నేను తేల్చేశాను. ఇద్దరం కలిసే వాణ్ణి మోసం చేశాం. నువ్వు కట్టకూడనప్పుడు కట్టావు, నేను కట్టాల్సినప్పుడు కట్టలేదు.

ఒంటరిగా ఉండకు. జాసీర్ కొట్లోకైనా పోయి కూర్చో. చెవికి పెట్టుకునే మిషను ఉంటుందట, తెచ్చుకో. వాడి చేతి తొడుగులు ఎండలో పెట్టు, బూజు పడతాయి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, అడగకపోయినా.

వాడు పైన కలప రేవులో దిగాడట. ఆ తర్వాత రెండు శనివారాలు పడవ దిగువకి వచ్చింది, వాడు అందులో లేడు. వాడు కనిపిస్తే చెప్పమని బెనేజియోతో చెప్పి పంపాను. ఏం చెప్పాలి అని అడిగాడు. కిటికీ చూసుకోమని చెప్పు చాలు అన్నాను.

నిన్న సాయంత్రమే కట్టాను. మంచిది ఒక్కటే ఉంది, అదే కట్టాను. ఇక్కడ బాగా వానలు. ఇది నిజంగా వానే, ఒదిలోన్. తడిసి బరువెక్కి తువ్వాలు కిందికి జారిపోతోంది. జారినప్పుడల్లా లేచి పిండి మళ్లీ కడుతున్నాను. ఎల్లుండి శనివారం.

అక్క
ఇరాసీ